స్విచ్చిలోపలి సర్వరు

మన బీర్కూరు ప్రాంతపు బాలురకు తూములనుగూర్చి వేఱుగ జెప్పనక్కఱలేదు. మంజీరానదిపై 1923 మొదలు 1931 వఱకు గట్టబడిన నిజాంసాగరు నీరు కాలువలవెంట వచ్చి, తూములయొద్ద బంపకమై మడులకు జేరుచున్నది. కంప్యూటర్ల నడుమ స్విచ్చి యను పెట్టె చేయు పనియు నిట్టిదియే. భేద మొక్కటి. తూమునకు నీటిచుక్క యెవరి మడికి బోవలయునో తెలియదు. స్విచ్చి ప్రతి సమాచారపు పొట్లముపైనున్న చిరునామాను జదివి, తగిన ద్వారమునకే దానిని బంపును.

సర్వరనగా అడిగినవారికి దస్తరములు తీసి యిచ్చు గుమాస్తావంటి కంప్యూటరు. సామాన్యముగా నిది వేఱొక పెట్టెలో నుండి, తీగద్వారా స్విచ్చిని జేరియుండును. 2009వ సంవత్సర ప్రాంతమున హెచ్.పి. సంస్థవారు ప్రోకర్వ్ స్విచ్చిలో నమర్చదగిన సర్వరుపలకను విక్రయించిరి. ఆ తరగతి స్విచ్చిలో 5406 అను దానికి 6, 5412 అను దానికి 12 అఱలుండును. పలకకు బ్రాసెసరు, జ్ఞాపకశక్తి, డిస్కు తనవే; విద్యుత్తు, గాలి మాత్రము స్విచ్చివి.

అమర్చువిధము కఠినము కాదు గాని తొందర పనికిరాదు. వేసవిలో మన దేహమునందు జేరు స్థిరవిద్యుత్తు పలకను జెఱుపగలదు గావున, ముందుగా మణికట్టునకు భూమితో సంబంధముగల పట్టీ గట్టవలయును. అఱమూత తీసి, పలకను గాడిలో నిలిపి, మెల్లగా లోనికి ద్రోసి, మరలు బిగింపవలయును. అడ్డుపడినచో బలము చేయరాదు. వెలికిదీసి మరల నిలుపవలయును. ఖాళీ అఱల మూతలు తీసి పాఱవేయరాదు, ఏలయన నవి లేనియెడల గాలి దారితప్పి లోపల వేడి హెచ్చును.

పలకకు వెలుపల తీగ గాన రాకుండుటచే నిది దేనితో మాటలాడుచున్నదని పిల్లలు మమ్మడిగిరి. లోపలనే రెండు ద్వారము లున్నవి. పలక "సి" అఱలో నున్నచో స్విచ్చి వానిని సి1, సి2 అని పిలుచును. ఈ ద్వారములు ఏ గుంపునకు జెందునో స్విచ్చిలో వ్రాయుటయే ముఖ్యమైన పని. మార్కుల పట్టికలున్న సర్వరును ఉపాధ్యాయుల గుంపున నుంచక బాలుర గుంపున నుంచినచో, ఫలితము మీరే యూహింపుడు!

మేమొకప్పుడు వేఱొకచోట నిట్టి పలకను నిద్రింపజేయకయే వెలికి లాగితిమి. స్విచ్చి నడచుచుండగా పలకను దీయవచ్చునని వినియుంటిమి. ఆ మాట నిజమే. కాని లోపలి సర్వరును ముందుగా మూసి, దీపము గుర్తు చూపువఱకు వేచియుండవలెనను సగము మఱచితిమి. ఒక తరగతి పరీక్షమార్కులన్నియు జెడిపోయెను. రెండు రాత్రులు కాగితములు ముందు బెట్టుకొని మరల నెక్కించితిమి.

మఱియొక సంగతి. పెట్టె యొక్కటే యగుటచే స్విచ్చికి విద్యుత్తు పోయినచో సర్వరును బోవును. చిన్న పాఠశాలకు వేఱుపెట్టెయే మేలని మా యభిప్రాయము. స్థలము లేనిచోట నీ పలకయే శరణ్యము. అప్పుడు వారమున కొకమాఱు పట్టికల నకలు తీసి, వేఱు గదిలో బీరువాయందు దాచవలయును.