మందు చీటీ ఒకటే... బతుకులు ఒకటేనా?

ఏ జబ్బుకు ఏ మందు, ఎన్నాళ్ళు, ఎలా ఇవ్వాలి అని నిపుణులు పరిశోధనలన్నీ చూసి రాసే నియమాలను చికిత్సా మార్గదర్శకాలు అంటారు. మేమూ వాటినే పాటిస్తాము. అయితే ఎక్కడో రాసిన నియమం మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కూలికి పోయేవారికి సరిపోతుందా? ఈ సంచికలో ఆ సంగతి తెలుసుకుందాం.

వలస కూలీకి క్షయ వస్తే

మామూలు క్షయ (టీబీ) ఆరు నెలలు మందులు వాడితే నయమవుతుంది. 1990లలో వచ్చిన డాట్స్ పద్ధతిలో రోగి మొదటి నెలల్లో వారానికి మూడుసార్లు కార్యకర్త ఎదుటే మాత్రలు మింగాల్సి వచ్చేది. మందులు ఉచితమే. కానీ కేంద్రానికి వచ్చిన పూట కూలి పోతుంది. ముంబాయికో, హైదరాబాదుకో మట్టి పనికి పోయే పాలమూరు కూలీలు ఒక్క ఊళ్ళో ఆరు నెలలు ఉండగలరా? మధ్యలో మందు మానితే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగకుండా మొండిగా మారవచ్చు. అప్పుడు "మందు మానేసిన రోగి" అని రాసుకుంటే సరిపోదు. ఆ నియమంలో అతని బతుకుకు చోటుందా అని కూడా అడగాలి.

మారిన నియమాలు

2017లో దేశమంతటా రోజూ వేసుకునే మాత్రల పద్ధతి వచ్చింది. రోగి వివరాలు 'నిక్షయ్' కంప్యూటర్ నమోదులో ఉంటాయి కనుక చికిత్సను వేరే ఊరికి మార్పించుకోవచ్చు. తిండికోసం 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చారు. 2024 నవంబరు నుండి అది 1000 అయింది. తిండి కూడా వైద్యమే. ఝార్ఖండ్‌లో రోగుల ఇళ్ళలోని వారికి నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చి చూడగా, వారిలో కొత్తగా టీబీ రావడం సుమారు 39 శాతం తగ్గిందని 2023లో వెల్లడైంది.

నీళ్ళ లెక్క కూడా అంతే

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అయితే ఎండను, తాగే నీటిని బట్టి ఆయా దేశాలు సొంత హద్దు పెట్టుకోవాలని కూడా అంటుంది. నల్లగొండ ఎండలో చేను పని చేసేవారు చల్లని దేశాల వారికంటే ఎక్కువ నీళ్ళు తాగుతారు. ఆ నీళ్ళతో ఫ్లోరైడూ ఎక్కువే ఒంట్లోకి పోతుంది. అందుకే మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రాము. వేరే నీరు దొరకనప్పుడు మాత్రమే 1.5 వరకు.

మీరు చేయవలసినవి

• ఏ పని చేస్తారో, ఏం తింటారో, ఏ నీళ్ళు తాగుతారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.
• వలస పోయే ముందే చెప్పండి. చికిత్స మార్పించుకొని, దారిలోకి మందులు తీసుకొని వెళ్ళండి.
• ఇంట్లో ఒకరికి టీబీ ఉంటే మిగతా అందరూ పరీక్ష చేయించుకోండి.
• చెప్పిన చికిత్స మీకు కుదరకపోతే మానేయకండి, వచ్చి అడగండి.

మీరు చెబితేనే మీ బతుకుకు సరిపడే మార్గం మేము వెతకగలం.