సంగారెడ్డి చెరసాల

చెరసాల యనగనే ఎత్తైన ప్రాకారమును, ఇనుప తలుపును, కావలివాడును మన కన్నులకు గట్టును. తప్పు చేసినవాడు సైతము అచ్చటికి పోవుటకు వెఱచును. అట్టిచోటికి ఏ నేరమును చేయనివారు తమంతట తామే పోయి, రుసుము చెల్లించి, ఒక దినము గడపిరన్నచో మీకు వింతగా దోచును. కాని యిది మన తెలుగువారి నడుమనే జరిగినది.

హైదరాబాదునకు పశ్చిమముగా సుమారు 35 మైళ్ల దూరమున సంగారెడ్డి యను పట్టణము కలదు. అందలి పాత చెరసాల 1796వ సంవత్సరమున, నిజాము అలీఖాను పాలించుచున్న కాలమున కట్టబడినదని చెప్పుదురు. అనేక తరముల ఖైదీలు దాని గోడల నడుమ దినములు లెక్కించిరి. 2012లో వారిని సమీపమందలి కంది గ్రామమున నిర్మించిన క్రొత్త కారాగారమునకు మార్చిరి. 2016లో కారాగార శాఖవారు పాత భవనమును ప్రదర్శనశాలగా జేసి, 500 రూపాయలు చెల్లించినవారు 24 గంటలపాటు అందు ఖైదీవలె నుండుటకు ఏర్పాటు చేసిరి. వచ్చినవారు ఖద్దరు దుస్తులు ధరించి, ఖైదీలు తిను తిండియే తిని, తమ గదిని తామే శుభ్రము చేసికొనవలసియుండెను.

ఈ రుసుము మాట వినగనే మాకు జాన్ హోవర్డు జ్ఞప్తికి వచ్చెను. ఈ దైవభక్తుడు 1773లో ఇంగ్లండునందలి బెడ్‌ఫర్డు మండలమునకు షెరీఫుగా నియమింపబడి, చెరసాలలను స్వయముగా దర్శించెను. నిర్దోషులని తీర్పు పొందినవారు కూడ ఇంటికి పోజాలక అచ్చటనే మ్రగ్గుచుండిరి. కారణమేమనగా, కారాగారాధికారికి జీతము లేదు. ఖైదీలిచ్చు రుసుమే అతనికి జీవనాధారము. అది చెల్లింపలేని బీదవానికి తలుపు తెరువబడదు! హోవర్డు ఈ సంగతిని పార్లమెంటు సభవారికి విన్నవింపగా, నిర్దోషుల నట్లు నిర్బంధింపరాదని 1774లో చట్టమయ్యెను. తాను చూచినదంతయు ఆయన 1777లో గ్రంథరూపమున ప్రకటించెను.

అచ్చట వెలుపలికి వచ్చుటకు రుసుము. ఇచ్చట లోనికి పోవుటకు రుసుము. ఈ రెంటి నడుమ నున్న భేదమును మనము గ్రహింపవలెను. సంగారెడ్డికి పోయినవాడు కటికనేల యెట్టిదో, చప్పిడికూడు ఎట్టిదో కొంత యెఱుంగును. కాని మఱునాడు ఆ వేళకు తలుపు తెరువబడునని అతనికి తెలిసియుండెను. ఇంటివారు నవ్వుచు ఎదురుచూచిరి. నిజమైన ఖైదీకి ఆ నిశ్చయము లేదు. అతని భార్య నలుగురిలో తలయెత్తలేదు. అతని బిడ్డ బడిలో తండ్రి పేరు చెప్పుటకు జంకును. ఆ బాధ 500 రూపాయలకు తెలియునది కాదు.

కావున బాలురారా, మీ తరగతిలో ఎవని తండ్రియైనను చెరలో నున్నయెడల, ఆ మాట యెత్తి వానిని నొప్పింపకుడు. న్యాయస్థానము తండ్రికి విధించిన శిక్షను మనము కుమారునికి విధింపరాదు. వానిని మీ ప్రక్కను కూర్చుండబెట్టుకొనుడు, ఆటలకు పిలువుడు. తల్లిదండ్రులారా, అట్టి బిడ్డ మీ గుమ్మమునకు వచ్చినయెడల ఆదరింపుడు. చెరలోనున్నవారిని దర్శించినవాడు తన్ను దర్శించినట్లేయని మన ప్రభువు బోధించెను. చెరసాలకు పోవు అవకాశము మనకందఱకు కలుగకపోవచ్చును. కాని చెరలోనున్నవాని బిడ్డ మన బడిలోనే యుండవచ్చును.