ఆటలో తోడేలుకు పసుపు పట్టీ

దసరా సెలవులకు చందుర్తి పోయినప్పుడు మా అన్న ఫోన్‌లో ‘మైన్‌క్రాఫ్ట్’ అనే ఆట చూపెట్టిండు. అందులో తోడేలుకు ఎముకలు పెడితే మచ్చికై మన వెంట తిరుగుతుంది. మెడకు ఎర్ర పట్టీ వస్తుంది. మనం వేరే రంగు అద్దితే పట్టీ ఆ రంగుకు మారుతుంది. ఆటలోని పసుపు పూలతో రంగు చేసి నేను అద్దిన. 2024లో ఇంకో 8 రకాల తోడేళ్లను కూడా చేర్చినారు. పట్టీ రంగుతో బలం పెరగదు. కానీ నాది ఏదో గుర్తుపట్టవచ్చును.

ఇది మనకు కొత్త కాదు. పొలాల అమావాస్యకు మా నాయన ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగేసి, గజ్జెలు కడతడు. అప్పుడు అవి ‘మా ఎడ్లు’ అని అందరికీ చెప్పాలనిపిస్తుంది.

అయితే కొన్ని ఆటల్లో తోడు జంతువు వేషాలను పైసలకు అమ్ముతారు. మా అన్న ఇంకో ఆటలో అట్ల ఒకటి కొన్నడు. అవి అమ్మ పత్తి ఏరిన కైకిలి పైసలు. అమ్మ తిట్టలేదు. తెల్లారి మళ్లీ పత్తికి పోయింది. అన్న ఆ రోజు అన్నం తినలేదు.

తోడును మనకు నచ్చినట్లు ముస్తాబు చేసుకోవడం మంచిదే. పైసలు కట్టమంటే మాత్రం ముందు ఇంట్లో అడగాలె.