పిల్లల తలకు దెబ్బ తగిలితే...

పాకే బిడ్డ మంచం మీంచి దొర్లుతుంది. నడక నేర్చిన పిల్లవాడు గడప తట్టుకుని షాబాదు బండల మీద పడతాడు. చాలామంది కాసేపు ఏడ్చి, బొప్పి కట్టినా మళ్ళీ ఆటలో పడిపోతారు. ఇందుకు బెంబేలు పడనవసరం లేదు. అలాగని, 'ఏడుపు మానాడు, ఇక ఫర్వాలేదు' అని మరచిపోవటమూ తగదు.

ఎందుకంటే, పుర్రె లోపల రక్తనాళం చిట్లితే రక్తం నెమ్మదిగా చేరవచ్చు. బిడ్డ కొన్ని గంటలు చక్కగానే ఉండి, ఆ తరువాత మగతలో పడవచ్చు. అందుచేత మొదటి 24 గంటలూ పెద్దవాళ్ళొకరు కనిపెట్టి ఉండాలి.

ఇంట్లో ఏం చెయ్యాలి?

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమి పట్టండి. ఎముక లోపలికి నొక్కుకుపోయినట్లుంటే మాత్రం అక్కడ అదమకండి. గాయంలో పసుపు, కాఫీపొడి నింపవద్దు. బొప్పిని రుద్దవద్దు, చన్నీటి గుడ్డ వేస్తే చాలు. నిద్రవేళ అయితే పడుకోనివ్వండి. రాత్రి రెండు మూడుసార్లు తట్టి లేపి, మిమ్మల్ని గుర్తు పడుతున్నాడో లేదో చూడండి.

ఆస్పత్రికి ఎప్పుడు?

క్షణమైనా స్పృహ తప్పటం, మళ్ళీ మళ్ళీ వాంతులు, లేపినా లేవని మగత, మూర్ఛ, ముక్కు లేక చెవి నుంచి రక్తం గాని నీరు గాని కారటం, ఒక కంటిపాప పెద్దది కావటం, నడకలో తూలటం, పెరిగే తలనొప్పి: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చెయ్యకండి. ఊళ్ళో వాంతులకు ఇంజక్షను వేయించి ఊరుకోకండి.

చంటిబిడ్డ నోరు విప్పి చెప్పలేదు. పాలు తాగకపోవటం, ఆగని ఏడుపు, నడినెత్తిన మాడు ఉబ్బటం, చెవిపైన మెత్తటి వాపు ప్రమాద చిహ్నాలు. ఏడాది లోపు బిడ్డ తలకు దెబ్బ తగిలినా, ఏ వయసు పిల్లలైనా మిద్దె మీంచి పడినా, బైకు ప్రమాదానికి గురైనా, బాగానే కనిపించినప్పటికీ డాక్టరుకు చూపించాలి.

108కి ఫోన్ చెయ్యండి. మెడ కదలకుండా పడుకోబెట్టండి. మూర్ఛ గాని వాంతి గాని వస్తే తల, మెడ, ఒళ్ళు కలిపి పక్కకు తిప్పండి. మగతలో ఉన్న బిడ్డ నోట్లో నీళ్ళు పొయ్యవద్దు. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. సరాసరి పట్నం పోదామని కారు కోసం వెతుకుతూ కూర్చోకండి. ముందు దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చండి. అక్కడ ఊపిరి, నాడి నిలకడ చేసి, అవసరమైతే పై ఆస్పత్రికి పంపుతారు.

ఎండాకాలం మిద్దె మీద పడుకునే ఇళ్ళలో పిట్టగోడ తప్పనిసరి. చంటిపిల్లలను బైకు ట్యాంకు మీద కూర్చోబెట్టకండి. 9 నెలలు నిండి 4 ఏళ్ళ లోపున్న పిల్లలకూ హెల్మెట్ ఉండాలని 2023 నుంచి కేంద్ర నిబంధన అమలులో ఉంది. మీ తలకు ఒకటి కొన్నప్పుడు బిడ్డకూ ఒకటి కొనండి.