నేలలో గడ్డ, ఒంట్లో గడ్డ

భద్రాచలం సంతలో ఒకే కూరకు రెండు పేర్లు వినిపిస్తాయి. ఖమ్మం వైపువారికి అది చామగడ్డ, గోదావరి దిగువవారికి చామదుంప. ఈ డివిజన్ 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది మరి! కానీ చంకలో ఏదో చేతికి తగిలితే మాత్రం దుంప లేచిందని ఎవరూ అనరు. అక్కడ అందరికీ అది గడ్డే.

కోయలు, కొండరెడ్లు అడవిలో తవ్వుకునేదీ గడ్డే, నాగలికి అడ్డుపడే మట్టిపెళ్లా గడ్డే, ఒంటి మీద లేచేదీ గడ్డే. లాటిన్‌వారూ ఇదే దారిన నడిచారు. వారి ‘టూబెర్’కు అర్థం బొడిపె, వాపు. ఇంగ్లీషు వృక్షశాస్త్రం ఆ మాటను దుంపకు పెట్టింది. చిన్న బొడిపె ‘టూబెర్కులుమ్’. ఊపిరితిత్తుల్లో అలాంటి బొడిపెలు కనిపించడంతో జబ్బు ట్యూబర్‌క్యులోసిస్ అయింది. మనం దాన్నే క్షయ అన్నాం. వారు లోపల లేచినదాన్ని చూసి పేరు పెడితే, మనం పైకి చిక్కిపోతున్న మనిషిని చూసి పెట్టాం.

‘టుమేరే’ అంటే ఉబ్బడం. మట్టిదిబ్బ ‘టుములుస్’, వాపు ‘టుమోర్’ ఆ కుదురులోవే. క్రీస్తుశకం 1వ శతాబ్దిలో రోమన్ రచయిత సెల్సస్ శోథకు (ఇన్‌ఫ్లమేషన్‌కు) నాలుగు గుర్తులు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ఆ వాపుకు ఆయన వాడిన మాట టుమోరే. దెబ్బ తగిలినచోట సన్నని రక్తనాళాలు వెడల్పై, వాటి గోడల్లోంచి ద్రవం కండలోకి ఊరుతుంది. బొప్పి కట్టడానికి అదీ ఒక కారణం.

మిగతా పేర్లూ కంటికి కనిపించినవాటి నుంచే వచ్చాయి. ‘నోడుస్’ అంటే ముడి. నాడ్యూల్ అంటే చిన్న ముడి. గ్లాండ్‌కు మూలం సింధూర జాతి చెట్టు కాయ. మనకు గజ్జల్లో కట్టేది బిళ్ళ. కార్బంకుల్ అంటే చిన్న నిప్పుకణిక. మనం సెగగడ్డ అన్నాం. రెండుచోట్లా చేతికి తగిలింది మంటే.

కాబట్టి ట్యూమర్ అన్న మాట వినగానే హడలిపోనక్కర్లేదు. అసలు అర్థం వాపే. ట్యూమర్లన్నీ క్యాన్సర్లు కావు. అయితే నొప్పి లేదు కదా అని ఊరుకోవడమూ తప్పే. రెండు మూడు వారాలైనా కరగని గడ్డను డాక్టరుకు చూపించాలి. నేలలో గడ్డ ఎంత ఊరితే అంత లాభం. ఒంట్లో గడ్డను ఊరనివ్వకూడదు.