బావిలోని బాలుడు: ఉత్కంఠ కథలూ, బాల్య స్మృతులూ

‘నవలలు చదవనివ్వవచ్చునా, కూడదా?’ అన్నది మదర్సాకు వచ్చే తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న. వారిలో ఎక్కువమందిని కలవరపెట్టేది హత్యలు, అపహరణలు, వెంటాడే నేరస్థులతో నిండిన ఉత్కంఠ నవల. భోజనానికి పిలిచినా పుస్తకం వదిలి లేవని పిల్లవాణ్ణి చూసి వారు భయపడతారు. అదే పిల్లవాడు ఎవరో ఒక రచయిత తన చిన్ననాటి ముచ్చట్లు రాసుకున్న పుస్తకం చదువుతుంటే ఎవరూ ఏమీ అనరు. మొదటిది ప్రమాదకరమనీ, రెండవది నిరపాయకరమనీ మనలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది.

ఈ రెండు రకాల రచనలు పాఠకుడి హృదయాన్ని ఎలా కదిలిస్తాయో నిదానంగా పరిశీలిస్తే, ఈ విభజన అంత సరైనది కాదని తెలుస్తుంది. ఒకటి ‘తర్వాత ఏమైంది?’ అని అడిగిస్తుంది. మరొకటి ‘అప్పుడు ఎలా ఉండేది?’ అని అడిగిస్తుంది. కాని రెండింటి వేరూ ఒకచోటనే ఉంది. మనకు దగ్గరైన ఒక మనిషికి ఏమవుతుందోనన్న బెంగ లేకపోతే ఉత్కంఠ నవలా నిలవదు, బాల్య స్మృతీ నిలవదు.

దాచిపెట్టే కథ

తెలుగులో అపరాధ పరిశోధక నవలకు విస్తారమైన పాఠకలోకాన్ని సంపాదించి పెట్టినవారిలో కొమ్మూరి సాంబశివరావు ముఖ్యులు. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు ఒక తరం పాఠకులకు ఇంటి మనుషులైపోయారు. ఆ తర్వాతి తరం మధుబాబు ‘షాడో’ వెంట పరుగెత్తింది. బస్టాండులోని పుస్తకాల బంకుల్లోనూ, రోజుకు ఇంత అని అద్దెకిచ్చే దుకాణాల్లోనూ ఈ పుస్తకాలు అట్టలు చిరిగేదాకా చేతులు మారేవి. ఉర్దూ చదివే ఇళ్లలో ఆ స్థానం ఇబ్నె సఫీది. అలహాబాదు ప్రాంతంలో జన్మించిన ఆయన 1952లో ‘జాసూసీ దునియా’నూ, 1955లో ‘ఇమ్రాన్ సిరీస్’నూ ప్రారంభించారు. అశ్లీలం లేనిదే పుస్తకం అమ్ముడుపోదన్న మాటను సవాలుగా తీసుకొని ఆయన కలం పట్టారని చెబుతారు. 1980లో మరణించేనాటికి ఆ మాట తప్పని ఆయన పాఠకులే రుజువు చేశారు.

ఈ కథల పనితనం రెండు విధాలు. హంతకుడు ఎవరో పాఠకుడికి తెలియనీయకుండా చివరిదాకా దాచిపెట్టడం ఒక విధం. ఇందులో బుద్ధికి పని ఎక్కువ. పాఠకుడికి ముందే తెలియజెప్పి, కథలోని వ్యక్తికి మాత్రం తెలియనీయకపోవడం రెండవ విధం. తలుపు వెనుక శత్రువు నక్కి ఉన్నాడని మనకు తెలుసు. ఆ తలుపు తీయబోతున్న తల్లికి తెలియదు. ఆమెను ఆపాలని మనకు అనిపిస్తుంది, కాని ఆపలేము. ఇందులో గుండెకు పని ఎక్కువ. సరిగ్గా ఆ తలుపు దగ్గర ఆపి ‘ఇంకా ఉంది’ అని ముగించడం వారపత్రికల సీరియళ్లకు తెలిసిన విద్య.

1980ల తొలినాళ్లలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ తెలుగునాట ఎంత కలకలం రేపిందో మా వయసువారికి గుర్తే. అందులోని క్షుద్రవిద్యల వ్యవహారం మాకు సమ్మతం కాదు. అయినా ఒక విషయం గమనించదగినది. ఆ నవల పాఠకులను అంతగా వణికించడానికి మంత్రతంత్రాలు మాత్రమే కారణం కాదు. ఆపదలో ఉన్నది తులసి అనే చిన్నారి పాప. ఆ స్థానంలో మనకు పేరైనా పట్టని మనిషి ఉండి ఉంటే పాఠకులు అంతగా తల్లడిల్లేవారు కారు.

కనుక తల్లిదండ్రులకు మేము చెప్పే కొలమానం ఇది. నవల పూర్తిచేసిన పిల్లవాణ్ణి ‘హంతకుడు ఎవరు?’ అని కాదు, ‘చనిపోయినది ఎవరు?’ అని అడగండి. అతని పేరేమిటి, అతనికోసం ఇంట్లో ఎదురుచూసినవారు ఎవరు అని అడగండి. జవాబు చెప్పగలిగితే ఆ పుస్తకం అతని మనసుకు ఏదో ఇచ్చింది. చెప్పలేకపోతే, మొదటి పేజీలోని శవం అతనికి ఒక పొడుపుకథగా మాత్రమే మిగిలిందన్నమాట. మనిషి మరణాన్ని పొడుపుకథగా చూడడానికి అలవాటుపడడమే అసలైన ప్రమాదం. పుస్తకంలో కత్తులూ తుపాకులూ ఉండడం కాదు.

పిల్లవాడికి తెలియనిది

బాల్య స్మృతిలో ఈ హంగులేవీ ఉండవు. రాసినవాడు బ్రతికి, పెరిగి పెద్దవాడయ్యాడని మొదటి పుటలోనే తెలిసిపోతుంది. అయినా మనం చదువుతాం, కళ్లు తుడుచుకుంటాం. ఎందుచేతనంటే పైన చెప్పిన రెండవ విధమే ఇక్కడా పనిచేస్తుంది. పెద్దవాడై రాస్తున్న రచయితకు తెలిసినది కథలోని పిల్లవాడికి తెలియదు. తండ్రి జేబు ఖాళీ అని మనకు తెలుసు. పండుగకు కొత్తబట్టలు వస్తాయని గుమ్మంలో నిలబడిన పిల్లవాడికి తెలియదు. ఇక్కడ తలుపు వెనుక ఉన్నది శత్రువు కాదు, పేదరికం. బెంగ మాత్రం అదే.

నామిని సుబ్రమణ్యం నాయుడు చిత్తూరు జిల్లా పల్లె బాల్యాన్ని ఆ పల్లె మాటల్లోనే చెప్పారు. నెల్లూరు జిల్లా కావలికి చెందిన మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’లో ఒక ముస్లిం కుటుంబపు పిల్లవాడి చేతే తన ఇంటినీ, వీధినీ, లేమినీ నవ్విస్తూ చెప్పించారు. తెలుగు పాఠకలోకం మన ఇళ్లలోకి అంత చనువుగా తొంగిచూసిన సందర్భాలు అంతకుముందు ఎక్కువగా లేవు.

మన సీమకే చెందిన వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథల సంపుటికి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. సంపుటికి పేరిచ్చిన కథ బాల్య జ్ఞాపకానికీ ఉత్కంఠకూ మధ్య గోడ లేదని చూపిస్తుంది. శుక్రవారం నమాజుకు వెళ్లమని చిన్ననాటి నుంచి కొడుకును వెంటపడి పంపిన తల్లి ఆమె. హైదరాబాదు మక్కా మసీదులో 2007 మే 18న బాంబు పేలిన తర్వాత, అదే తల్లి ఆ నగరంలో ఉన్న కొడుకును జుమాకు వెళ్లవద్దంటుంది. నేరస్థుణ్ణి పట్టుకునే కథ కాదది. అయినా ఆ తల్లి గొంతులోని భయాన్ని ఏ అపరాధ పరిశోధక నవలా ఇంత దగ్గరగా వినిపించలేదు. ఆమె మునుపు ఎన్ని శుక్రవారాలు కొడుకును మసీదుకు తరిమిందో మనకు తెలిసి ఉండడమే అందుకు కారణం.

అరబ్బీ సాహిత్యంలో ఈ కోవకు చెందిన ప్రసిద్ధ గ్రంథం ఈజిప్టు రచయిత తాహా హుసైన్ ‘అల్ అయ్యామ్’. 1889లో జన్మించిన ఆయన పసితనంలోనే చూపు కోల్పోయారు. ఆయన అభిప్రాయాలన్నింటితో పండితులు ఏకీభవించలేదు. కాని తన బాల్యాన్ని ఆయన చెప్పిన తీరును కాదనగలవారు తక్కువ. ఖుర్ఆన్ కంఠస్థం పూర్తయిందని అందరూ సంబరపడిన తర్వాత, ఒకనాడు తండ్రి అతిథుల ఎదుట ఆ బాలుణ్ణి సూరహ్ షుఅరా చదవమంటాడు. ఆరంభంలోని అక్షరాలు పలికి బాలుడు ఆగిపోతాడు. తండ్రి మరొక సూరహ్, ఆ తర్వాత ఇంకొకటి అడుగుతాడు. మూడింటి ఆరంభాలూ దాదాపు ఒకేలా ఉంటాయి; మూడింటి దగ్గరా ఆ బాలుడి నోరు మూగబోతుంది. హిఫ్జ్ చేసే మన విద్యార్థులకు ఆ ఘట్టం చెబితే వారికి చెమటలు పడతాయి. అక్కడ ఏ హంతకుడూ లేడు. ఒక తండ్రి, ఒక కొడుకు, మరచిపోయిన ఒక వాక్యం మాత్రమే ఉన్నాయి.

ఆ గ్రంథం మొదటి భాగం చివర ఆయన తన తొమ్మిదేళ్ల కుమార్తెను ఉద్దేశించి మాట్లాడతారు. గ్రీకు రాజు ఈడిపస్ కథ వింటూ ఆ పాప ఏడ్చిందట. హంతకుణ్ణి వెదుకుతూ పోయి ఆ హంతకుడు తానేనని తెలుసుకున్న రాజు అతడు. కాని ఆ పాపను ఏడిపించినది ఆ రహస్యం కాదు. కళ్లు పోగొట్టుకొని కూతురి చేయి పట్టుకొని నడిచే ఆ రాజులో ఆమెకు తన తండ్రి కనిపించాడు.

ఒకే చొక్కా

ఉత్కంఠ, బాల్యం కలిసి నడిచే వృత్తాంతం మన ఇళ్లలో నిత్యం పారాయణం జరిగేదే. సూరహ్ యూసుఫ్‌ను అల్లాహ్ స్వయంగా అత్యుత్తమ గాథగా పేర్కొన్నాడు. 111 ఆయతులలో ఒక బాలుడి కలతో మొదలై, ఆ కల నిజమవడంతో ఆ గాథ ముగుస్తుంది. అన్నలు బావిలో పడవేసినప్పుడే, ఒకనాడు ఈ సంగతి వారికి నీవే తెలియజెబుతావని ఆ బాలుడికి దైవ సందేశం అందింది. అంటే ముగింపు శుభమని శ్రోతకు ముందే తెలుసు. అయినా తఫ్సీర్ పాఠం ఆ బావి దగ్గర ఆగిన రోజున మా విద్యార్థులు లేవరు. ఏళ్ల తర్వాత ధాన్యం కోసం వచ్చిన అన్నలు తమ ఎదుట ఉన్నది ఎవరో గుర్తించరు. హజ్రత్ యూసుఫ్ (అలై)కూ, మనకూ మాత్రం తెలుసు. పైన చెప్పిన రెండవ విధానికి ఇంతకంటే ఉన్నతమైన ఉదాహరణ మాకు కనిపించదు.

ఆ గాథలో చొక్కా ప్రస్తావన మూడుసార్లు వస్తుంది. మొదటిసారి అది నెత్తురు పూసిన అబద్ధపు సాక్ష్యం. పిల్లవాణ్ణి తిన్న తోడేలు చొక్కాను మాత్రం చింపలేదా అని హజ్రత్ యాఖూబ్ (అలై) అన్నట్లు వ్యాఖ్యాతలు పేర్కొన్నారు. రెండవసారి అది నిజమైన సాక్ష్యం. చొక్కా ముందువైపు చిరిగితే ఒక అర్థం, వెనుకవైపు చిరిగితే మరొక అర్థం అని సాక్షి తర్కించాడు. అది వెనుకవైపు చిరిగింది గనుక నిర్దోషి ఎవరో తేలిపోయింది. ఏ డిటెక్టివ్ అయినా చేసేది ఈ తర్కమే. మూడవసారి ఆ చొక్కాకు నిరూపించవలసినది ఏమీ లేదు. అది ఇంకా దారిలో ఉండగానే వృద్ధుడైన తండ్రికి కొడుకు పరిమళం తగిలింది. దానిని ముఖంపై వేయగానే పోయిన చూపు తిరిగి వచ్చింది. నేరానికి ఆధారమైన వస్త్రమే ఇక్కడ జ్ఞాపకానికి ఆధారమైంది.

రాయని పుస్తకాలు

ఇక మన నందికొట్కూరు ప్రాంతం సంగతి. 1981లో శ్రీశైలం జలాశయం కోసం కృష్ణా, తుంగభద్రల తీరాన ఉన్న అనేక గ్రామాలను ఖాళీ చేయించారు. వేసవిలో నీరు తగ్గినప్పుడు సంగమేశ్వర ఆలయం బయటపడుతుంది, చూడడానికి జనం వెళతారు. మునిగిన పల్లెల్లోని ఇళ్లకు, బావులకు, బడులకు, మసీదులకు ఆ గుర్తింపు లేదు. ఆనాడు పదేళ్ల పిల్లలుగా ఎద్దుల బండి మీద సామాన్ల నడుమ కూర్చొని ఊరు వదిలినవారు ఇప్పుడు తాతలూ, నానీలూ అయ్యారు. వారి బాల్యంలో ఉత్కంఠకు కొదవ లేదు. నీళ్లు ఎప్పుడు వస్తాయో, ఎక్కడికి పోవాలో, పశువులను ఏం చేయాలో పెద్దలకే తెలియని రోజులవి. ఆ పుస్తకం మాత్రం ఇంకా ఏ ఇంట్లోనూ పూర్తిగా రాయబడలేదు. ఆ తరం వెళ్లిపోతే ఇక రాయడం సాధ్యం కాదు.

బాల్యాన్ని గుర్తుచేసుకోవడం ఆ రోజులు ఎంత బాగుండేవో అని నిట్టూర్చడానికి కాదు. సూరహ్ జుహాలో అల్లాహ్ మహాప్రవక్త (స)కు ఆయన అనాథగా ఉన్న రోజులను, లభించిన ఆశ్రయాన్ని గుర్తుచేసి, ఆ వెంటనే అనాథ పట్ల కఠినంగా ప్రవర్తించవద్దని ఆదేశించాడు. తాను ఒకప్పుడు భయపడిన పిల్లవాడినని మరచిపోని మనిషి మరొక పిల్లవాణ్ణి భయంలో వదిలివేయలేడు.

అందుచేత నవల చదివే పిల్లవాడి చేతిలోంచి పుస్తకం లాక్కోకండి. ‘తర్వాత ఏమైంది?’ అని అడిగే అలవాటు అతనికి వచ్చింది. దానిని ఇంటివైపు తిప్పండి. ఇషా నమాజు తర్వాత ఒక నోటుపుస్తకం ఇచ్చి నానీ పక్కన కూర్చోబెట్టండి. మునిగిన ఊళ్లో మన ఇంటి వాకిలి ఎటువైపు ఉండేది, ఆఖరి రోజున పొయ్యి మీద ఏం వండారు, ఏం వదిలి వచ్చారు అని అడగమనండి. ఆమె చెప్పినది ఆమె మాటల్లోనే రాసుకోమనండి. తర్వాతి ప్రశ్న ఏమి అడగాలో మనం చెప్పనవసరం లేదు, పిల్లవాడే అడుగుతాడు.