చెవి దిబ్బడ, ముఖభారము

తిరుపతినుండి తిరుమలకు కనుమదారిని పోయినవారికి ఒక అనుభవము తెలిసియే యుండును. బస్సు మలుపులు తిరుగుచు పైకి పోవుచుండగా చెవులు దిబ్బడ వేయును. ప్రక్కవారి మాట నూతిలోనుండి వచ్చినట్లు వినబడును. ఇంతలో ఒక ఆవులింతయో, గుటకయో పడును. చెవిలో టిక్కుమని చిన్న చప్పుడగును. మాటలు మరల స్పష్టమగును. కొండపైని ఎత్తు సుమారు 850 మీటర్లు. ఇంతమాత్రపు ఎత్తునకే చెవి ఎందుకు మొరపెట్టుకొనవలెను?

కర్ణభేరికి వెనుక గాలి నిండిన చిన్న గది యొకటి కలదు. ఆ గాలికి రాకపోకల దారి ఒక్కటే. అది ముక్కు వెనుకభాగమునకు దిగు సన్నని గొట్టము. 16వ శతాబ్దమున ఇటలీలో బర్తోలొమేయో యూస్టేకి అను శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించెను. మన పాఠ్యగ్రంథములు దీనిని కంఠకర్ణనాళ మనుచున్నవి. పెద్దలలో దీని పొడవు మూడున్నర సెంటీమీటర్లు మాత్రమే. ఇది సాధారణముగా మూసికొనియుండి, మ్రింగినపుడును ఆవులించినపుడును క్షణకాలము తెరచుకొనును. ఆ క్షణముననే లోపలి గాలియు వెలుపలి గాలియు సరితూగును.

కొండ ఎక్కునపుడు వెలుపలి పీడనము తగ్గును గావున లోపలి గాలి తనంతట దారి చేసికొని వెలువడును. దిగునపుడు గాలి లోనికి పోవలెను. నాళపు మెత్తని గోడలు దానిని సులభముగా పోనీయవు. కావుననే చెవికి ఎక్కుటకంటె దిగుట కష్టము. విమానము దిగుచుండగా పసిపిల్లలు గుక్కపట్టి యేడ్చుటకు తరచుగా ఇదియే కారణము. అప్పుడు పాలు త్రాగించినచో గుటకతోపాటు నాళమును తెరచుకొనును. పెద్దలకు నోట ఒక బెల్లపు ముక్క చాలును.

పడిశము పట్టినపుడు కొండ యెక్కకయే ఈ బాధ కలుగును. ముక్కులోని పొర వాచి నాళపు వాకిలి మూతపడును. గదిలో చిక్కిన గాలిని చుట్టునున్న పొరలు పీల్చుకొనగా కర్ణభేరి లోనికి లాగబడును. మన యిండ్లలో జరుగు పొరపాటు ఇచ్చటనే. నొప్పి చెవిలో నున్నది గావున వెల్లుల్లి కాచిన నూనెను చెవిలో పోయుదురు. నా చిన్ననాట మా యింటను ఇదియే ఆచారము. ఆ నూనె కర్ణభేరికి ఇవతలనే నిలిచిపోవును. మూతపడిన వాకిలి అవతల నున్నది. నూనె వేడియైనచో చర్మము కాలును. కర్ణభేరికి చిల్లియున్నచో లోనికి దిగి హానిచేయును.

ముఖభారమును ఈ కోవలోనిదే. చెక్కిళ్ల యెముకలలోను, నుదుటను, కండ్ల నడుమను సైనసులను గాలిగదులు కలవు. ఇవియును ముక్కులోనికే తెరచుకొనును. చెక్కిలిగది ద్వారము అడుగున గాక పైభాగమున నున్నది. కావున మనము నిలుచున్నపుడు అందలి ద్రవము సులభముగా దిగదు. ముగ్గు వేయుటకు వంగినపుడు ముఖము బరువెక్కుటయు, పై దంతములు సలుపుటయు ఇందువలననే. కాని ముఖమున బరువెల్ల సైనసుదే యనుకొనరాదు. వెలుతురు చూడలేకపోవుట, వాంతి వచ్చుట తోడైనచో అది తరచుగా పార్శ్వపు నొప్పియే యగును.

ఉపశమనము ముక్కునుండి మొదలు కావలెను. కాచి చల్లార్చిన అరలీటరు నీటిలో చిన్న చెంచాడు ఉప్పు కలిపి ముక్కు కడుగుకొనవచ్చును. నూతినీరు, కుళాయినీరు కాచక వాడరాదు. ముక్కును ఒక్కొక్క ప్రక్కనే మెల్లగా చీదవలెను. ఆవిరికి వావిలాకు వేసినను వేయకున్నను కలుగు హాయి దాదాపు ఒక్కటే. పిల్లలను మాత్రము మరుగునీటి గిన్నెయొద్ద కూర్చుండబెట్టరాదు. వారికి వెచ్చని గుడ్డ కాపడము మేలు. ముక్కు దిబ్బడను విప్పు చుక్కలమందు అయిదు దినములు మించి వాడినచో, దిబ్బడ మునుపటికంటె హెచ్చును.

పడిశము పదిదినములు దాటినను, తగ్గి మరల తిరుగబెట్టినను, చెవి కారినను వైద్యునకు చూపవలెను. కంటిచుట్టు వాపు, చూపు మసక, మెడ బిగియుట, చెవి వెనుక వాపు కానవచ్చినచో ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

ఇంకొకటి కలదు. పడిశమేమియు లేకయే, తెల్లవారి లేచునప్పటికి ఒక చెవి వినబడకుండును. దిబ్బడయే గదా యని పలువురు వారములు గడపుదురు. ఇది లోచెవికి గాని, దాని నరమునకు గాని కలిగిన దెబ్బ కావచ్చును. అట్టిచో చికిత్స కొద్ది దినములలోనే మొదలిడవలెను. పెదవులు మూసి ‘మ్’ అని శ్రుతి పట్టి చూడవలెను. దిబ్బడ వేసిన చెవిలోనే ఆ నాదము హెచ్చుగా నున్నచో అడ్డు దారిలోనిది. మంచి చెవివైపునకు ఒరిగినచో నరమును శంకింపవలసియుండును. ఇది సూచన మాత్రమే. నాదము ఏ వైపునకు పోయినను, హఠాత్తుగా వినికిడి తగ్గిన చెవిని ఆనాడే చెవివైద్యునకు చూపించవలెను.